పదును తప్పిన టిల్లర్

పెరటి మడి దున్నే టిల్లర్ మోటార్ని కాల్చింది నేనే. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. అప్పటిదాకా యాభై ఏళ్ల నాటి సరుకు కదా, దాని ఆయుష్షు అంతే అనుకున్నాను, ఇంటికొచ్చిన వాళ్లందరికీ అదే చెప్పాను. మా బావమరిదికి ఇంకేం కావాలి! "బావా, నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. ఆ మ్యూజియం సామాను స్క్రాపుకిచ్చేసి శుభ్రంగా ఓ కొత్త లిథియం బ్యాటరీ టిల్లర్ కొనుక్కో" అని న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడల్లా మా గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఇదే పాట. వాడికి గట్టిగా ఓ జవాబు చెప్దామని ఇది రాయడం మొదలుపెట్టాను గానీ, సగం దూరం వచ్చేసరికి నా మీదే రాసుకుంటున్నానని అర్థమైంది. సర్లే, రాసినంతవరకూ చదవండి.

మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో. సిటీ కాదు, మూడు గంటలు పైకి రావాలి, ఆల్బనీ దగ్గర. పక్కనే స్కెనెక్టడీ. జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) పుట్టి పెరిగిన ఊరు. "లోకానికి వెలుగిచ్చే, లోకాన్ని లాగే ఊరు" అని ఒకప్పుడు దానికి బిరుదు. వెలుగు జీఈది, లాగుడు రైలింజన్లు చేసిన ఆల్కోది. జీఈలో పనిచేసిన మహా ఇంజనీరు స్టైన్‌మెట్జ్ కొనుక్కున్న 1914 నాటి బ్యాటరీ కారు ఇప్పటికీ అక్కడి యూనియన్ కాలేజీలో ఉంది. అలాంటి ఊళ్లో 1969లో జీఈ వాళ్లు ఎలెక్-ట్రాక్ అని బ్యాటరీతో నడిచే గార్డెన్ ట్రాక్టర్ ఒకటి అమ్మకానికి పెట్టారు. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేసి, అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరడానికి నాలుగేళ్ల ముందు సంగతిది. 70ల మధ్యకల్లా ఆ వ్యాపారం జీఈ చేతిలోంచి వీల్ హార్స్ అనే కంపెనీ చేతికి, ఆ తర్వాత ఆవ్కో న్యూ ఐడియా అనే ఇంకో కంపెనీ చేతికి పోయి, మెల్లగా మూతబడింది. బండ్లు మాత్రం ఈ చుట్టుపక్కల గ్యారేజీల్లో అక్కడక్కడా బతికే ఉన్నాయి. అందులో ఒకటి మా పక్కవీధి పెద్దాయన దగ్గరుండేది. ఆయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ, మంచు తోసే బ్లేడు, గడ్డి కోసే డెక్కు, టిల్లర్ అన్నీ కలిపి నాకు అప్పగించాడు. "రెంచి పట్టడం వచ్చా?" అని ఒక్కటే ప్రశ్న అడిగాడు. వచ్చన్నాను. అప్పటికి రాదు.

బండి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. గోల్ఫ్ బండ్లకి వేసే ఆరు వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఆరు, ముందు కొన్ని, వెనక కొన్ని, వరసగా కలిపితే 36 వోల్టులు. ఒక్కోటీ 28 కిలోల దాకా తూగుతుంది, అంటే బ్యాటరీలే నూట డెబ్భై కిలోలు. ఇన్వర్టరు బ్యాటరీలు చూసుకున్నవాళ్లకి ఇందులో కొత్తేమీ లేదు, డిస్టిల్డ్ వాటర్ పోయడం, ఛార్జి ఎంతుందో హైడ్రోమీటర్ ముంచి చూడటం, టెర్మినళ్ల మీద పట్టిన తెల్లటి పొక్కుని వంటసోడా నీళ్లతో కడగడం. నాకు బాగా నచ్చింది ఇంకోటి. గడ్డి కోసే డెక్కులో ఒక్కో బ్లేడుకి ఒక్కో మోటారు. టిల్లర్‌కీ సొంత మోటారే. ఇంజను బలాన్ని పనిముట్టుకి అందించే పీటీవో షాఫ్టు లేదు, ఇంజను నుంచి వచ్చే బెల్టు లేదు. వెనక తగిలించి, లావుపాటి ప్లగ్గు గుచ్చి, స్విచ్చి వేయడమే. మోటారు నుంచి ఒక చైను, ఆ చైను చివర బ్లేడ్ల షాఫ్టు, అంతే కథ.

మొదటి ఏడాది ఏప్రిల్లో టిల్లర్ని స్టాండు మీదకెక్కించి తిప్పి చూస్తే గొరగొరమంది. విప్పాను. విప్పేముందు ప్లగ్గు పీకాను, తాళం తీసి జేబులో వేసుకున్నాను, వేలి ఉంగరం కూడా తీసేశాను. 36 వోల్టులు షాక్ కొట్టదులే అనుకుంటారు గానీ, పానా ఒకటి జారి రెండు టెర్మినళ్లకీ అడ్డంగా పడితే వెల్డింగ్ షాపులో ఉన్నట్టే ఉంటుంది. ఆ పానా స్థానంలో ఉంగరముంటే వేలు పోతుంది. అందుకే నా పానాలన్నిటి పిడులకీ పాత సైకిలు ట్యూబు ముక్కలు తొడిగాను. అందం లేదు, ధైర్యముంది.

బ్లేడ్ల షాఫ్టు చూస్తే ఏముంది, చివర్లలో జానెడు మందాన నీలం ప్లాస్టిక్ పురికొస. టమాటాలకి కట్టింది, తీసి పారేయకుండా మట్టిలో వదిలేసింది, అదంతా ఏళ్ల తరబడి చుట్టుకుని, వేడికి కరిగి, నైలాను ముద్దయి కూర్చుంది. కత్తితో కోస్తుంటే లోపల వేరే రంగు తాడు, దానికింద గడ్డి, గడ్డి కింద ఇనప తీగ. చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టినట్టు ఎన్ని వేసవులో లెక్కపెట్టొచ్చు. ఆ తాడు లోపలికి తొలుచుకుపోయి ఆయిల్ సీలు పెదవిని కోసేసింది. సీలు పోతే చైను డబ్బాలో ఉన్న ఆయిలు బయటికి, బయటి నీళ్లు, ఇసక లోపలికి. బేరింగు తిప్పితే చేతికి రాళ్లు నలిగినట్టు తెలుస్తోంది. చైను సాగిపోయి పళ్ల మీద ఎక్కి కూర్చుంటోంది. బేరింగు మీద చెక్కిన నంబరు బ్రష్షుతో తోమితే కనబడింది, సీలు కొలతలు వెర్నియరుతో తీసుకున్నాను, రెండూ మామూలు బేరింగుల షాపులోనే దొరికాయి. చైను కూడా ఇక్కడ వ్యవసాయ సామాన్ల కొట్లో అడుగుల లెక్కన కోసిచ్చే మామూలు చైనే. ఆ రోజు రాత్రి బావమరిదికి ఫోటో పెట్టి మరీ గొప్పలు పోయాను. "చూడరా, ఇందులో కంపెనీ వాడి దగ్గరే కొనాల్సిన వస్తువు ఒక్కటీ లేదు" అని.

కరెంటు వైపు కూడా వదల్లేదు. బ్లేడ్లు నేలలో తిరుగుతున్నప్పుడు బ్యాటరీల దగ్గర 35 వోల్టులుంటే మోటారు టెర్మినళ్ల దగ్గర 30న్నరే వస్తోంది. దారిలో నాలుగున్నర ఎవరో తినేస్తున్నారు. మీటర్ ముళ్లు ఒక్కో అతుకుకి ఇటూ అటూ పెట్టి చూస్తూపోతే దొంగలు ముగ్గురు దొరికారు: ప్లగ్గులో నల్లబడ్డ పిన్ను, ఒక కేబులు చివర పచ్చగా చిలుం పట్టిన లగ్గు, కరెంటుని కలిపి విడగొట్టే కాంటాక్టర్ స్విచ్చిలో గుంటలు పడిన బిళ్లలు. ఏసీ కరెంటయితే సెకనుకి నూరుసార్లకి పైగా సున్నాకి వచ్చి పోతుంది కాబట్టి స్విచ్చి తీసినప్పుడు నిప్పురవ్వ తనంతట తానే ఆరుతుంది. డీసీకి ఆ మర్యాద లేదు, తీసిన ప్రతిసారీ రవ్వ సాగుతుంది, బిళ్లని కొంచెం కొరుకుతుంది. వంద ఆంపియర్లు పోయే దారిలో ఒక వోల్టు పోతోందంటే అక్కడ వంద వాట్ల వేడి పుడుతోందన్నమాట. వేలంత ప్లగ్గులో వంద వాట్ల బల్బు వెలిగించి పెట్టినట్టు. పైగా దీనికో విషవలయం ఉంది. వోల్టులు తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, బండి మాత్రం అదే వేగంతో ముందుకు పోతుంటుంది, దాంతో బ్లేడు దెబ్బ దెబ్బకీ ఎక్కువ మట్టి కొరకాల్సొస్తుంది, ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టులు ఇంకా పడతాయి.

అన్నీ బాగుచేశాను. బ్లేడ్లు కూడా విప్పి సానపట్టి బిగించాను. (ఒకసారి కుడివీ ఎడమవీ తారుమారు చేసి బిగించాను. పదును అంచు ముందుండాల్సింది వెనక్కి పోయి, వీపుతో మట్టిని కొడుతూ బండి దడదడలాడింది. ఇది కూడా రాయకపోతే అబద్ధమవుతుంది.) టిల్లర్ కొత్తదానిలా తిరిగింది. పండగ.

మే నెలాఖర్న మెమోరియల్ డే లాంగ్ వీకెండ్ వస్తుంది. ఇక్కడ మంచు భయం పోయి మొక్కలు బయట నాటేది దాదాపు అప్పుడే. గోంగూర నారు కిటికీ దగ్గర జానెడు పెరిగి వెలుతురు చాలక వాలిపోతోంది, బీర, దోస కుండీల్లో వేళ్లు చుట్టుకుంటున్నాయి. గురువారం, శుక్రవారం వాన. శనివారం పొద్దున్నే ఎండొచ్చింది. సాయంత్రం ఇంటికి నాలుగు కుటుంబాలొస్తున్నారు. ఇంకేం ఆలోచిస్తాం, ప్లగ్గు గుచ్చి దిగాను. రెండో చాలులోనే బ్రేకర్ కొట్టేసింది. ఆ చిన్న ఎర్ర బటన్ నొక్కాను, నడిచింది. ఇంకో పది అడుగులకి మళ్లీ కొట్టేసింది. నొక్కాను. మూడోసారి నొక్కేటప్పుడు బటన్ వెచ్చగా తగిలింది, అయినా నొక్కాను. ఈసారి బ్రేకర్ కొట్టలేదు, పొగొచ్చింది. వార్నిష్ కాలిన వాసన తెలుసుగా, బోరు మోటారు కాలిపోయినప్పుడు ఊళ్లో పొలం గట్టు మీద వచ్చేది, గుండె జారిపోయే వాసన. అదే వాసన, ఇక్కడ, మా పెరట్లో.

"పాతది కదా" అన్నాను. అందరూ అవునన్నారు. పెన్సిల్వేనియాలో ఒకతని దగ్గర ఇంకో పాత మోటారు కొనుక్కొచ్చి బిగించాను. మరుసటేడు మే నెల్లో అదే శనివారం, అదే తడి, ఈసారి మోటారు బతికింది గానీ ప్లగ్గు కరిగి ముద్దయింది.

అప్పుడు కాలిన మోటార్ని డిక్కీలో వేసుకుని వైండింగ్ షాపు వెతుక్కుంటూ బయల్దేరాను. మన దగ్గర గుంటూరు లాంటి ఊళ్లో ఏ బజారుకెళ్లినా ఓ వైండింగ్ షాపుంటుంది, పొద్దున కాలిన మోటారు పడేస్తే ఓ కుర్రాడు కింద కూర్చుని రాగి తీగ చుట్టి సాయంత్రానికి ఇచ్చేస్తాడు. ఇక్కడ ఫోన్ చేసిన మొదటి రెండు చోట్లా "ఇంత చిన్నవి చేయం" అన్నారు. గంట డ్రైవు దూరంలో మూడోవాడు ఒప్పుకున్నాడు, అరవై దాటిన మనిషి. నా ముందే మోటారు విప్పి, కవరు లోపలి గోడ మీద టార్చి వేసి చూపించాడు. ఆవగింజల్లా వెండిరంగు చుక్కలు, గుండ్రంగా వలయం కట్టి అతుక్కున్నాయి. తిరిగే భాగానికి కరెంటు అందించే కమ్యుటేటర్‌కి తీగల్ని అతికిన సీసం అది, వేడికి కరిగి, తిరిగే జోరుకి బయటికి చిమ్మింది. "ముసలి మోటారు వేరేగా ఉంటుంది. బ్రష్షులు అరిగి పొట్టివవుతాయి, నల్లటి బొగ్గు పొడి నిండుతుంది, ఒక్కోసారి జిగురు వదిలి అయస్కాంతాలు ఊడతాయి. దీని బ్రష్షులు సగం కూడా అరగలేదు. ఇది వయసుతో పోలేదు, ఎవరో ఉడికించారు" అన్నాడు. ఎవరో అనడం ఆయన మర్యాద.

ఆ ఆదివారం వీడియో కాల్లో నాన్నకి ఇదంతా చెప్పాను. మాది గుంటూరు వైపు, నల్లరేగడి. ఆయన మోటారు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "ఏరా, పదును చూశావా?" అన్నాడు.

"పదునేంటి నాన్నా, శనివారం కదా" అన్నాను. నోట్లోంచి వచ్చేసింది. ఆయన నవ్వలేదు. నాకే కాసేపటికి నవ్వొచ్చింది.

అసలు గొడవంతా అక్కడుంది. అదునంటే సరైన కాలం, పదునంటే మట్టిలో దున్నడానికి సరిపోయే తడి. అదునూ పదునూ అని పుట్టినప్పట్నుంచీ వింటున్నవాణ్ని, ఉద్యోగంలో పడి ఇరవై ఏళ్లయ్యేసరికి నాకు అదునంటే లాంగ్ వీకెండ్, పదునంటే శనివారం పొద్దున. మట్టికి శనివారం సంగతి తెలీదు. మా పెరడు పడింది ఎప్పుడో హిమనదాలు కరిగినప్పుడు ఇక్కడ నిలిచిన పెద్ద సరస్సు అడుగున పేరుకున్న బంకమట్టి మీద. కాస్త పడమరకి పోతే ఇసక దిబ్బలు, వాళ్లు వాన వెలిసిన మర్నాడే దున్నుకోవచ్చు. మాది అలా కాదు. పైన ఎండ తగిలి పొడిగా కనబడుతుంది, నాలుగు వేళ్ల కింద మైనంలా ఉంటుంది. ఆ మైనంలో బ్లేడు తిరిగితే మట్టి విరగదు, పూసుకుంటుంది. బ్లేడ్లకి అంటుకుని షాఫ్టంతా ఒక రోలర్‌లా తయారవుతుంది. మోటారు అప్పుడు మట్టిని దున్నడం లేదు, రుద్దుతోంది.

తర్వాత తీగలో పోయే కరెంటుని కొలిచే క్లాంప్ మీటర్ కొని తగిలించి చూశాను. సరైన పదునులో యాభై, యాభై ఐదు ఆంపియర్లు. తడి మట్టిలో నూట పది. రెట్టింపే కదా అనిపిస్తుంది. కానీ తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, రెట్టింపు కరెంటంటే నాలుగింతల వేడి. నెమ్మదించిన మోటారులో గాలీ ఆడదు. నేను మూడుసార్లు నొక్కిన ఆ ఎర్ర బటన్ చెప్పాలని చూసింది ఇదే.

ఇప్పుడు బావమరిది దగ్గరికి వస్తాను. వాడు చెప్పేదాంట్లో నిజముంది, లేదనను. కొత్త లిథియం టిల్లర్లో ఓ సర్క్యూటు బోర్డుంటుంది, లోడు పెరగ్గానే అదే ఆపేస్తుంది, నాలాంటి మొండివాడు బటన్ నొక్కినా కాసేపు వినదు. నా మోటారు బతికి ఉండేది. ఎత్తి పట్టుకోవచ్చు, డిస్టిల్డ్ వాటర్ పోయక్కర్లేదు, చలికాలంలో ఛార్జి దిగిపోయి బ్యాటరీ గడ్డకట్టి పగులుతుందేమోనన్న టెన్షన్ లేదు. నిజమే. గంటలు లెక్కేస్తే నా రిపేరుకయిన ఖర్చుతో కొత్తవి రెండొచ్చేవి. దీనికి నా దగ్గర జవాబు లేదు, నాకు ఆ గంటలు ఇష్టం, అంతే.

కానీ వాడి ఇంకో సలహా ఉంది చూశారూ, పెట్రోల్ టిల్లర్ ఒక్కరోజుకి అద్దెకి తెచ్చి పని కానిచ్చేయమనేది, దాంతో మాత్రం నేను గట్టిగా పోట్లాడతాను. ఓసారి తెచ్చాం కూడా, వాడి ఇంటికే. సాయంత్రం ఐదుకల్లా తిరిగివ్వాలి, లేకపోతే రెండో రోజు అద్దె. అంటే పదునున్నా లేకపోయినా ఇవాళే. తడి నేలలో ఇంజను కాస్త మూలిగి, రొద పెంచి, పొగ కక్కి పని కానిచ్చేసింది. ఏమీ కాలలేదు. ఎవరికీ బిల్లు రాలేదు. వాడి బిల్లు ఆగస్టులో వచ్చింది. దున్నిన మడి ఎండి, ముద్దలు ఇటుకలై, ఆరంగుళాల కింద బ్లేడు రుద్దిన చోట గట్టిపొర ఏర్పడి, వాన పడితే నీళ్లు పైనే నిలిచి, టమాటా వేళ్లు ఆ పొర దాకా పోయి పక్కకి తిరిగాయి. పీకి చూపిస్తే వాడు విత్తనం మంచిది కాదన్నాడు. నా బిల్లు మాత్రం ఆ శనివారం నాడు ఆ క్షణంలోనే, పొగ రూపంలో వచ్చింది. మోటారుకి నూట యాభై డాలర్లు పోయాయి గానీ మడి సగంలో ఆగింది. ఆ దున్నని సగంలోనే ఆ ఏడు దోస బాగా కాసింది. (అసలు దున్ననే కూడదనేవాళ్లు ఇది చదివి మురిసిపోతారని తెలుసు. మీరు చెప్పేది సగం ఒప్పుకుంటున్నా. ఇప్పుడు పాత మడుల్లో పైపైన రెండంగుళాలే కదుపుతున్నా, లోతు దుక్కి కొత్తగా విప్పే గడ్డినేలకే.)

ఇంకో సంగతి నాన్న దగ్గర్నుంచి వచ్చింది. మన దగ్గర వేసవి దుక్కులు చేసి వదిలేస్తే పెద్ద పెళ్లలు ఎండకి పగిలి, తొలకరికి విచ్చుకుంటాయి కదా, అక్కడ ఎండ చేసే పని మీ మంచు చేయదా అని అడిగాడు. చేస్తుంది. అక్టోబర్లో పొడి పదునులో ఓసారి తిరగేసి పెళ్లలుగా వదిలేస్తే, చలికాలమంతా లోపలి నీరు గడ్డకడుతూ కరుగుతూ వాటిని విడగొట్టి, మే నెలకి వేళ్లతో నలిపితే పొడయ్యేలా చేసి పెడుతుంది. టిల్లర్‌కి అప్పుడు మిగిలే పని కొంచెమే. ఆయన ఈ దేశం రాలేదు, మంచు చూడలేదు.

ఈ ఏడు షెడ్డులో చేసిన రిపేరు పెద్దగా ఏమీ లేదు. సీలు దగ్గర గ్రీజు తుడిచి చూశాను, పొడిగానే ఉంది. ప్లాస్టిక్ పురికొస మానేసి జనపతాడు వాడుతున్నాం, చుట్టుకున్నా కుళ్లిపోతుంది. క్లాంప్ మీటర్ని హ్యాండిల్‌కి కట్టేశాను, డెబ్భై దాటితే ఆపాలని మార్కరుతో రాసి పెట్టాను, మా అమ్మాయి దాని పక్కన ఓ ఏడుపు మొహం బొమ్మ వేసింది. మెమోరియల్ డే వీకెండ్ వచ్చింది, శనివారం నాలుగు వేళ్ల లోతు నుంచి మట్టి తీసి పిడికిట్లో నొక్కి, నడుమెత్తు నుంచి వదిలాను. పడి చపాతీ ముద్దలా అతుక్కుంది. ఫోనులో చూపిస్తే నాన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆదివారమూ అంతే. సోమవారం బావమరిది బయల్దేరి వెళ్తూ, సెలవంతా మట్టి పిసుక్కుంటూ కూర్చున్నావని వెక్కిరించాడు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి ముద్ద నేలకి తగిలి మూడు ముక్కలైంది. ఆఫీసు క్యాలెండర్లో రెండు గంటలు డాక్టర్ అపాయింట్‌మెంట్ అని పెట్టి, వెళ్లి ప్లగ్గు గుచ్చాను. మీటరు యాభై రెండు చూపించింది.